పలుగుకు తగిలిన రోము

ఖిల్లా ఘణపూర్ పోయినవాళ్ళకు ముందు కనబడేది కోట. రెండు గుట్టలను కలుపుకుంటూ పోయిన రాతి గోడ, కింద గణపసముద్రం చెరువు. 13వ శతాబ్దంలో గోన గణపారెడ్డి కట్టించాడని చెప్పుకుంటారు. ఊరికి ఆయన పేరే, చెరువుకూ ఆయన పేరే. 2016లో వనపర్తి జిల్లా ఏర్పడినప్పుడు మండలం జిల్లా మారింది గాని ఆయన పేరు చెక్కుచెదరలేదు. కట్ట మీద తట్టలతో మట్టి పోసినోళ్ళ పేర్లు, బండ పగలగొట్టినోళ్ళ పేర్లు, రాత్రంతా తూము కాడ మేలుకుని నీళ్ళు పారగట్టిన నీరటోని పేరు ఎక్కడా లేవు. ఇది మన పత్రికల్లో చాలాసార్లు అన్నమాటే. దాన్నే మళ్ళీ అనడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఇదే నేలలోంచి ఇంకో రకం వస్తువులు కూడా పైకి వచ్చాయి. వాటి మీద రోము చక్రవర్తుల తలకాయలున్నాయి. వాటిని మనం పట్టించుకోలేదు. అదేదో నాణేల పండితుల ముచ్చట అని వదిలేశాం. అట్లా వదిలేయడం తప్పని నా వాదన.

ఘణపూర్ నుంచి దక్షిణానికి, కృష్ణ దిక్కు దిగితే వీపనగండ్ల వస్తుంది. ఒకప్పుడు కొల్లాపూర్ తాలూకా, ఇప్పుడు ఇదే వనపర్తి జిల్లాలో మండల కేంద్రం. అక్కడ రోమన్ బంగారు నాణేలు దొరికాయి. పాలమూరులో చాలామందికి తెలియని ఈ సంగతి విదేశాల్లో నాణేల మీద పరిశోధించేవాళ్ళకు బాగా తెలుసు. వాళ్ళ పుస్తకాల్లో వీపనగండ్ల పేరు వస్తుంది. పక్కన నల్గొండ జిల్లా అక్కనపల్లిలో ఒక్కచోటనే 1500కు పైగా వెండి నాణేలు బయటపడ్డాయి. కరీంనగర్ వైపు పెద్దబంకూరు, మెదక్ వైపు కొండాపూర్, కర్నూలు వైపు నంద్యాల, గుంటూరు జిల్లాలో వినుకొండ, కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ, ఇట్లా జాబితా చాలా పొడుగుంటుంది. పరమేశ్వరీలాల్ గుప్తా వీటి మీద తయారుచేసిన కేటలాగును 1965లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అచ్చువేసింది.

ఇటువంటి కేటలాగులు తిరగేస్తే ఒక పద్ధతి కనిపిస్తుంది. నాణెం బరువెంత, ముందువైపు ఏ చక్రవర్తి, వెనకవైపు ఏ దేవత, చుట్టూ ఏ అక్షరాలు, ఏ టంకశాలలో ముద్ర పడింది, ఏ ఊళ్ళో దొరికింది. ఊరి పేరు దాకా వచ్చి ఆగిపోతుంది. నాణెం తనంతట తాను భూమిలోంచి నడిచి వచ్చినట్టే ఉంటుంది ఆ రాత. కుండ ఎప్పుడు బయటపడుతుంది? దున్నుతుంటే నాగలి కర్రుకు తగిలినప్పుడు, బాయి తవ్వుతుంటే, కాల్వ తీస్తుంటే, ఇంటి పునాదికి పలుగు దిగినప్పుడు. ఆ నాగలి పట్టిందెవరు, ఆ పలుగు ఎత్తిందెవరు అనేది మన ఊళ్ళల్లో పెద్ద చిక్కుప్రశ్నేం కాదు. జీతగాళ్ళు, కూలోళ్ళు, మాల మాదిగలు, వడ్డెరలు, బోయలు. జీతగాడు తవ్వితే బయటపడ్డదాన్ని 'దొరకు దొరికింది' అంటారు. దొర, దొరకడం ఒక్కతీరుగనే వినబడతాయి మన భాషలో.

చట్టం మాత్రం అట్లా అనలేదు. ఈ సంగతి మనవాళ్ళు తెలుసుకోవాలి. బ్రిటిషువాళ్ళు 1878లో నిధి నిక్షేపాల చట్టం చేశారు (నైజాం ఇలాకాకు అప్పట్లో వేరే కానూన్లు నడిచేవి). పది రూపాయలకు మించిన నిధి దొరికితే దొరికినవాడు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఎప్పుడు, ఎక్కడ దొరికింది, ఏమేం ఉన్నాయి అన్నీ రాయాలి. నిధిని ఖజానాలో అప్పజెప్పాలి, లేదా పూచీకత్తు ఇవ్వాలి. దాన్ని పాతిపెట్టినవాళ్ళ వారసులు ఎవరూ తేలకపోతే, వాటాల మీద ముందే ఒప్పందం లేకపోతే, నాలుగింట మూడొంతులు దొరికినవాడికి, మిగిలింది భూమి యజమానికి. సర్కారే తీసుకోదలిస్తే ఆ లోహం విలువ కట్టి, దానిమీద ఐదోవంతు కలిపి ఇవ్వాలి. చెప్పకుండా దాచుకుంటే ఏడాది దాకా జైలు. భూమి కాగితం ఉన్నోడికంటే పలుగు పట్టినోడికి మూడింతలు ఎక్కువ ఇచ్చిన చట్టం ఈ దేశంలో ఇంకొకటి ఉందో లేదో గాని, అది కాగితం మీదనే ఉండిపోయింది. ఊళ్ళో కలెక్టరు దాకా పోయే తోవ పటేలు గడప ముందు నుంచే పోయేది. అందుకే నాణేలు చాలావరకు కంసాలి కుంపట్లోకి పోయాయి. మూడొంతుల హక్కుదారుకు దక్కింది భయం. పోలీసోళ్ళ భయం, దొర భయం. ఇవి చాలవన్నట్టు లంకెబిందెలకు బలి కావాలనే కథలొకటి. బలికి ఎవరి పిల్లలు అవసరమవుతారో ఆ కథలు చెప్పేవాళ్ళు ఎప్పుడూ విప్పి చెప్పరు.

ఇంతకీ ఈ నాణేలు ఇక్కడికెందుకొచ్చాయి? రోములో కూర్చుని ప్లినీ అనే ఆయన లెక్క రాశాడు. ఇండియా ఒక్కటే ఏటా 5 కోట్ల సెస్టెర్స్‌లు లాగేసుకుంటోందని ఒకచోట, ఇండియా, చీనా, అరేబియా కలిసి 10 కోట్లు లాగుతున్నాయని ఇంకోచోట గగ్గోలు పెట్టాడు. క్రీ.శ. 22లో టిబేరియస్ చక్రవర్తి కూడా, ఆడవాళ్ళ నగల కోసం మన సొమ్ము పరాయి జనాల పాలవుతోందని సెనేటుకు రాసిన ఉత్తరంలో వాపోయాడు. తప్పు ఆడవాళ్ళ మీదికి నెట్టడం అన్ని రాజ్యాలకూ అలవాటే. ఆ కాలంలోనే గ్రీకులో రాసిన 'పెరిప్లస్' అనే ఓడప్రయాణపు పుస్తకం మన తీరాన్ని మసాలియా అంది, అక్కడ నూలుబట్ట విస్తారంగా తయారవుతుందని చెప్పింది. దక్కను లోపలి నుంచి, తగర నుంచి, బట్టలు బండ్ల మీద పడమటి రేవులకు పోయేవని రాసింది. ఆ తగరే ఇప్పటి మహారాష్ట్రలోని తేర్.

మన పాఠ్యపుస్తకాలు దీన్ని 'శాతవాహనుల స్వర్ణయుగం, విదేశీ వాణిజ్యం' అని రెండు వాక్యాల్లో ముగిస్తాయి. బట్ట అన్నాక ముందు పత్తి ఏరాలి, గింజ తీయాలి, ఏకాలి, నూలు వడకాలి, తర్వాతే నేత. ఈ పనుల్లో సగానికి మించి ఆడవాళ్ళవే. మన తెలంగాణలో మాలలు ముతక బట్ట నేసిన సంగతి, నేతకాని అనే పేరుతో ఒక దళిత కులమే ఉన్న సంగతి తెలిసిందే. ఆ మొదటి శతాబ్దపు నేతగాళ్ళూ మాలలే అని నేను అనను. రెండు వేల ఏళ్ళ కిందటి మగ్గం మీద ఇవాళ్టి కులం పేరు అతికిస్తే పురాణం రాసేవాళ్ళకూ మనకూ తేడా ఉండదు. పేరేదైనా వడికినామె చేతికి ఆ వెండి పోలేదన్నది మాత్రం కుండలే చెబుతున్నాయి. వందల నాణేలు ఒక్క కుండలో ఉన్నాయంటే అవి ఒక్క ఇంట్లో పోగుపడ్డాయన్నట్టు.

ఆ డబ్బు ఎటు పోయిందో కొంత నాగార్జునకొండ శాసనాల్లో ఉంది. ఉజ్జయిని నుంచి వచ్చిన రుద్రధరభట్టారిక అనే మహాదేవి మహాచైత్యం దగ్గర స్తంభానికి 170 దీనారి మాషకాలు ఇచ్చింది. దీనారి అంటే రోము 'డెనారియస్' పేరే. రాణి పేరు రాతి మీద ఉంది. రాయి చెక్కినోళ్ళ పేరు లేదు. ఆ లోయనంతా 1954 నుంచి 1960 దాకా తవ్వారు. 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు పునాదిరాయి పడింది కాబట్టి, మునిగేలోపు తవ్వాలి. రోమన్ బంగారు నాణేలు అక్కడా దొరికాయి. ఒక పక్క పురావస్తు శాఖ తవ్వకం, ఇంకో పక్క డ్యాము తవ్వకం. ఆ డ్యాముకు మట్టి, రాయి మోసినవాళ్ళలో పాలమూరు లేబర్ ఉన్నారు. గుంపు మేస్త్రీ చేతిలో అడ్వాన్సు తీసుకుని, ఆ అప్పు తీరేదాకా దేశమంతా తిరిగి డ్యాములు కట్టినవాళ్ళు. వాళ్ళ కోసమని 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చాయి. చట్టాలు వచ్చాక కూడా ఘణపూర్ చుట్టుపక్కల ఊళ్ళు బస్సులెక్కుతూనే వచ్చాయి.

ఇక్కడిదాకా మన నేల ముచ్చట. రోములో ఆ నాణెం ఏం కొనేదో కూడా చూడాలి. అసలు విషయం అక్కడుంది.

ఇటలీలో నేపుల్స్ పక్కన పొజ్జువోలి అని ఒక రేవు పట్టణం ఉంది. పాత పేరు పుతియోలి. ఇండియా సరుకు దిగిన రేవుల్లో అదొకటి. అక్కడ ఒక చలువరాతి శాసనం బయటపడింది. అది అగస్టస్ కాలానికి కొంచెం అటూ ఇటూగా వేసింది. శవాలు మోసి కాటికి చేర్చే పనిని, బానిసలను శిక్షించే పనిని పట్టణం ఒక కాంట్రాక్టరుకు గుత్తకిచ్చింది. ఆ గుత్త షరతులే శాసనం. ఈ పని చేసే కూలోళ్ళు 20 ఏళ్ళకు తక్కువ, 50 ఏళ్ళకు ఎక్కువ ఉండకూడదు. కుంటివాళ్ళు, ఒంటికన్నువాళ్ళు, వాతలు పడినవాళ్ళు పనికిరారు. వాళ్ళు పట్టణం లోపల కాపురముండకూడదు. స్నానాల గదికి రాత్రి మొదటి గంట నుంచే రావాలి. పని మీద తప్ప ఊళ్ళోకి రాకూడదు, వచ్చినప్పుడు నెత్తిన రంగు టోపీ ఉండాలి, చూసినవాళ్ళకు తెలియాలి కదా.

ఈ షరతులు చదువుతుంటే పుణేలో పీష్వాల కాలాన మెడలో ముంత, నడుముకు చీపురు కట్టిన సంగతి గుర్తురాకుండా ఉండదు. 'కులనిర్మూలన'లో అంబేద్కర్ 1936లో రాసింది అదే. అంత దూరం ఎందుకు, ఊరి నడిమి బజారులో చెప్పులు చేతబట్టుకుని నడిచిన ముసలోళ్ళు పాలమూరు వాడల్లో ఉన్నారు.

ఆ శాసనంలోనే ఇంకో షరతుంది. ఎవరైనా తన బానిసను కొట్టించాలనుకుంటే, శిలువ వేయించాలనుకుంటే కాంట్రాక్టరు మనుషుల్ని పంపాలి. శిలువ దూలం మోసేవాళ్ళకు, కొరడాతో కొట్టేవాళ్ళకు, తలారికి యజమాని కట్టవలసిన కూలి తలా 4 సెస్టెర్స్‌లు. నాలుగు సెస్టెర్స్‌లంటే ఒక్క డెనారియస్. అంటే అక్కనపల్లి కుండలో 1500కు పైగా ఉన్నది ఆ నాణెమే. మనం మ్యూజియం అద్దంలోంచి చూసి, 'అబ్బ, టిబేరియస్ ముక్కు ఎంత స్పష్టంగా ఉందో' అని మురిసిపోయే నాణెం ఒక మనిషిని కొట్టడానికి ఇంకో మనిషికిచ్చే కూలి. నాకు తెలిసి ఈ రెంటినీ కలిపి మన మ్యూజియాల్లో ఎవరూ లేబుల్ రాయలేదు.

రోము మ్యూజియంలో, డయోక్లీషియన్ స్నానశాలల భవనంలో, ఇంకో వస్తువుంది. ఇనుప కంటె, దానికి వేలాడే కంచు బిళ్ళ. నాలుగో ఐదో శతాబ్దానిది. బిళ్ళ మీది రాత బానిసే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. నేను పారిపోయాను, నన్ను పట్టుకో, నా యజమాని జోనినస్‌కు తిరిగి అప్పగిస్తే నీకొక బంగారు నాణెం అని దాని సారాంశం. ఆ బంగారు నాణెం పేరు సాలిడస్. అదే రకం సాలిడస్‌లు దక్కనులోకీ వచ్చాయి. కర్ణాటకలో అక్కిఆలూరు దగ్గర దొరికిన కుండలో అవి ఉన్నాయి. ఇటువంటి మెడ పట్టీలు నలభైదాకా మిగిలాయి. మన దగ్గర కంటె వేయలేదు. అప్పు చాలింది. తండ్రి తీసుకున్న భగేలా అప్పు కొడుకు మెడకు చుట్టుకునేది, పారిపోయిన జీతగాడిని పొరుగూరి దొర కూడా పనికి పెట్టుకునేవాడు కాదు. భగేలా ఒప్పందాల మీద నైజాం ప్రభుత్వం 1936లో కానూను తెచ్చింది. కానూను తెచ్చారంటేనే ఎంత ముదిరిందో తెలుస్తోంది.

రోము వస్తువుల్లో మరో రకమూ ఉన్నాయి. అవి మనల్ని ఎక్కువ ఇబ్బంది పెడతాయి. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిదలో కూరుకుపోయిన పాంపేయి పట్టణంలో ఒక తోళ్ళ కార్ఖానా బయటపడింది. తోళ్ళు నానబెట్టే గుండ్రటి గుంటలు వరసగా ఉన్నాయి. చూస్తే మన మాదిగ లంద గుర్తుకొస్తుంది. సున్నంలో నానేసి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క నీళ్ళలో ఊరేసే ఆ పని తెలిసినోళ్ళకు ఆ గుంటలు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. అయితే ఆ కార్ఖానా పట్టణపు గోడ లోపల ఉంది, వెలుపల కాదు. అదే ఆవరణలో విందు చేసుకునే చోటుంది. అక్కడి బల్ల మీద రంగురాళ్ళతో పొదిగిన బొమ్మ ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉంది. మేస్త్రీ వాడే లంబమట్టం, దాని కింద మనిషి పుర్రె, పుర్రె కింద సీతాకోకచిలుక, చక్రం. లంబమట్టానికి ఒకవైపు రాజదండం, ఊదారంగు బట్ట వేలాడుతుంటాయి. రెండోవైపు బిచ్చగాడి కర్ర, జోలె. చావు ముందు రెండూ సమమే అని అర్థం. తోళ్ళ యజమాని ఈ బల్ల చుట్టూ చుట్టాలను, స్నేహితులను కూర్చోబెట్టి బువ్వ పెట్టాడు. వాళ్ళు వచ్చి తిన్నారు.

రోము నగరంలో తోళ్ళపని టైబరు నది అవతల సాగేది. అక్కడ దూరం పెట్టింది వాసనను, పుట్టుకను కాదు. ఇంకా చెప్పాలంటే, రోములోనే పోర్తా మజ్జోరె దగ్గర యూరిసాకెస్ అనే రొట్టెలాయన సమాధి ఉంది. బానిసగా ఉండి విడుదలైనవాడని చాలామంది పండితుల అభిప్రాయం. సమాధి చుట్టూ పిండి విసరడం, కలపడం, రొట్టెలు కాల్చడం, తూకం వేయడం అన్నీ చెక్కించుకున్నాడు. తాను చేసిన పనిని రాతి మీద చూపించుకున్నాడు. మన నేలలో మోట బొక్కెన కుట్టినవాడు, తొండం కుట్టినవాడు లేకపోతే ఒక్క బాయి కింద కూడా వరి పండేది కాదు. కాని ఏ సమాధి మీద మోట బొక్కెన చెక్కారు? మన మ్యూజియాల్లో లంద కుండను ఎంతమంది చూశారు?

అంబేద్కర్ ఈ పోలిక చేశాడు. బానిసలూ అంటరానివాళ్ళూ అనే ఆయన రచన మహారాష్ట్ర ప్రభుత్వం 1989లో వేసిన ఐదో సంపుటంలో ఉంది. రోములో బానిసలు గ్రంథాలయాల్లో పనిచేశారు, పిల్లలకు చదువు చెప్పారు, లెక్కలు రాశారు. బానిస యజమానికి ఆస్తి కనుక వాడి తిండి, ఆరోగ్యం యజమాని చూసుకోవలసి వచ్చింది. అంటరానివాడి బాగోగులు ఎవరి బాధ్యతా కాదు. బానిసను పెట్టుకోమని రోము చట్టం ఎవర్నీ బలవంతపెట్టలేదు, అంటరానితనాన్ని పాటించి తీరాలని హిందూ సమాజం శాసించింది. ఆయన వాదనలో ముఖ్యమైన మాటలివి. బానిసత్వం పోయింది, అంటరానితనం పోలేదు అన్న చోటికి ఆయన వస్తాడు.

ఈ మాట విని కొందరు మిత్రులు రోమును మెచ్చుకునే దాకా పోయారు. క్రీ.పూ. 71లో స్పార్టకస్ ఓడిపోయాక 6000 మందిని అప్పియన్ రహదారి పొడుగునా శిలువ వేశారు. క్రీ.శ. 61లో పెడానియస్ సెకుండస్ అనే నగరాధికారిని ఒక బానిస చంపితే ఆ ఇంటిలోని 400 మంది బానిసల్ని, ఆడవాళ్ళు పిల్లలతో సహా, చంపాలని సెనేటు తీర్మానించింది, చంపారు. చుండూరులో, కారంచేడులో మనం చూసింది వాళ్ళకూ తెలుసు. పుతియోలి శాసనం చూశాక రోములో అంటు లేదని కూడా అనలేం. అంబేద్కర్ అడిగింది రోము మంచిదా చెడ్డదా అని కాదు. తేడా ఎక్కడుందని. పుతియోలిలో రంగు టోపీ ఆ పనికి పట్టింది. పని మారితే, విడుదలైతే టోపీ దిగుతుంది, ఆ మనిషి కొడుక్కి టోపీ లేదు. విడుదలైన బానిస నెత్తిన ఇంకో టోపీ పెట్టేవాళ్ళు, అది స్వేచ్ఛ గుర్తు. మన దగ్గర టోపీ కనబడదు, కాబట్టి దింపే వీలూ లేదు. పని మానేసి హైదరాబాదులో గుమాస్తా అయినా ఇల్లు అద్దెకడిగినప్పుడు ఇంటిపేరు అడుగుతారు.

మళ్ళీ వీపనగండ్లకు వద్దాం. నిధి సర్కారుకు చేరిందంటే ఎవరో ఒకరు తాసీలు కచేరీ మెట్లెక్కారన్నట్టు. పంచనామా రాసి ఉంటారు. అందులో దొరికినవాని పేరు, తండ్రి పేరు, కులం, ఊరు రాయడం ఆ కాగితాల రివాజు. వేలిముద్ర పెట్టించడమూ రివాజే. కేటలాగులోకి రాని పేరు ఈ కాగితంలో ఉంటుంది. అక్కనపల్లికీ, నంద్యాలకూ, వినుకొండకూ అదే వర్తిస్తుంది. మన విద్యార్థులు పీహెచ్.డి.ల కోసం అంశాలు వెతుక్కుంటున్నారు కదా, కలెక్టరాఫీసు రికార్డు గదుల్లో ఈ నిధి ఫైళ్ళు ఒక అంశం. ఉర్దూ చదవగలిగినవాళ్ళు ఒక్కరైనా వెంట ఉండాలి, నైజాం కాలపు కాగితాలు అందులోనే ఉంటాయి. జిల్లాలు విడిపోయినప్పుడు ఫైళ్ళు మహబూబ్‌నగర్ నుంచి వనపర్తికీ, నాగర్‌కర్నూలుకూ, గద్వాలకూ మూటలుగా తరలాయి. మూటలు విప్పేటప్పుడు చెదలు చూసుకోవాలి. ఈలోపల ఘణపూర్, వీపనగండ్ల వాడల్లో పలుగు పట్టిన ముసలోళ్ళను అడిగితే, కుండ ఎవరి చేనులో బయటపడింది, దాన్ని ఎవరు ఇంటికి పట్టుకపోయారు అనేది ఫైలుకంటే ముందే చెబుతారు.